బాట్‌నెట్ లెక్కలో ఉన్నవి యంత్రాలా, ఐపీ చిరునామాలా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. విజయవాడ, గుంటూరు నగరాల్లో వేల కంప్యూటర్లు బాట్‌నెట్ గుప్పిట్లో ఉన్నాయంటూ మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివాం. మన ఊళ్లలో అలాంటి యంత్రాలు లేవని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. బీసెంట్ రోడ్డు దుకాణాల్లో సీసీ కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌ల నుంచి గుంటూరు కోల్డ్ స్టోరేజీల ఆఫీసు కంప్యూటర్ల దాకా పాస్‌వర్డ్ మార్చనివి, అప్‌డేట్ చేయనివి ఎన్నో. మా అభ్యంతరం ఆ అంకె మీద. అది దేన్ని లెక్కపెడితే వచ్చిందో వార్తలో ఎక్కడా లేదు. అవి యంత్రాలా, నెట్ కనెక్షన్‌కు ఆపరేటర్ ఇచ్చే సంఖ్యలైన ఐపీ చిరునామాలా? ఒక్క రోజులో కనిపించినవా, ఏడాది పొడుగునా పోగైనవా? ఎవరు ఎక్కడి నుంచి చూసి లెక్కవేశారు? ఇవి తెలియకపోతే ఆ అంకె అసలుకు అయిదారు రెట్లు ఎక్కువైనా కావచ్చు, అందులో పదో వంతైనా కావచ్చు. మన రెండు నగరాల్లో ఈ రెండు రకాల పొరపాట్లకూ గట్టి కారణాలే ఉన్నాయి.

ముందు లెక్క ఎలా కడతారో చెబుతాం. బాట్‌నెట్ అంటే యజమానికి తెలియకుండా పరాయివాడి ఆజ్ఞలు పాటించే కంప్యూటర్లు, రౌటర్లు, డీవీఆర్‌ల గుంపు. అందులో ఒక్కో యంత్రం ఒక బాట్. ఎన్ని ఉన్నాయో దాన్ని నడిపేవాడికి తెలుసు. బయటివాళ్లకు ఆ పట్టిక దొరకదు కాబట్టి పక్క దారులు వెతకాలి. అందులో ఎక్కువగా వాడేది సింక్‌హోల్. చాలా బాట్‌లు ఆజ్ఞల కోసం రోజూ కొన్ని డొమైన్ పేర్లను (వెబ్‌సైట్ల పేర్ల వంటివి) తామే పుట్టించి, వాటిలో ఏది పలుకుతుందా అని వెతుకుతాయి. ప్రోగ్రామ్‌ను విప్పి చూస్తే రేపటి పేర్లు ఇవాళే తెలుస్తాయి. నేరగాడి కంటే ముందు పరిశోధకులు ఆ పేర్లు రిజిస్టర్ చేసుకుంటే బాట్‌లన్నీ వచ్చి వీళ్ల సర్వర్‌కు హాజరు వేయించుకుంటాయి. ఆ హాజరు పట్టీలో ఉండేది ఐపీ చిరునామా, పోర్టు (ఒకే ఐపీ మీది కనెక్షన్లను విడదీసే సంఖ్య), సమయం, అదృష్టం బాగుంటే బాట్ సొంత గుర్తింపు సంఖ్య.

ఎన్ని పేర్లు చేతికొచ్చాయన్నది ఇక్కడ ముఖ్యం. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే బాట్‌నెట్‌ను చూడండి. దాని మొదటి రకాలు రోజుకు 250 పేర్లు పుట్టించేవి. తర్వాత వచ్చిన రకం 2009 ఏప్రిల్ 1 నుంచి రోజుకు 50,000 పేర్లు పుట్టించి, అందులో 500 మాత్రమే ఎంచుకుని ప్రయత్నించింది. అంటే ఒకే ఒక్క పేరు చేతిలో ఉన్న పరిశోధకుడి తలుపు ఏ బాట్ అయినా ఆ రోజు తట్టే అవకాశం నూటికి ఒకటి. అతను కనిపించినదాన్ని వందతో హెచ్చవేయాలి. అన్ని పేర్లూ పట్టుకున్న బృందం ఏమీ హెచ్చవేయనక్కర్లేదు. ఈ తేడా రాయకుండా రెండు నివేదికల అంకెల్ని పక్కపక్కన పెట్టి 'తగ్గింది', 'పెరిగింది' అంటే అర్థం లేదు.

ఐపీ చిరునామాలకూ యంత్రాలకూ మధ్య దూరం ఎంతో టార్పిగ్ ఉదంతంలో తేలిపోయింది. 2009 జనవరి 25 నుంచి పది రోజులు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆ బాట్‌నెట్‌ను తమ చేతిలోకి తీసుకున్నారు. టార్పిగ్ ప్రతి యంత్రంలో హార్డ్ డిస్క్ మోడల్, సీరియల్ నంబర్ల నుంచి ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసుకునేది. అందుకే అక్కడ రెండు లెక్కలూ వీలయ్యాయి. పది రోజుల్లో కనిపించిన వేర్వేరు ఐపీ చిరునామాలు 12,47,642. పరిశోధకుల పరీక్ష యంత్రాల వంటివి తీసేశాక మిగిలిన అసలు బాట్‌లు సుమారు 1,82,800. దాదాపు ఏడు రెట్ల తేడా! గంట గంటకూ లెక్కించినప్పుడు మాత్రం ఐపీల సంఖ్య, యంత్రాల సంఖ్య దాదాపు ఒకటిగానే ఉన్నాయి. గంట సేపట్లో చిరునామా మారే యంత్రాలు తక్కువ కదా. రోజులు కలిపేకొద్దీ లెక్క ఉబ్బుతుంది. కాబట్టి 'నెల రోజుల్లో ఇన్ని ఐపీలు' అన్న అంకెను 'ఇన్ని కంప్యూటర్లు' అని రాయడం కంటే ఏదైనా ఒక మామూలు పనిదినం రాత్రి 8 నుంచి 9 మధ్య కనిపించిన ఐపీలు ఎన్నో రాయడం మేలు. చిన్నగా కనిపించినా అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక మన ఊళ్ల సంగతి. ఇళ్లకు, దుకాణాలకు కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఎక్కువ భాగం డైనమిక్ ఐపీలే. మోడెమ్ ఆగి మళ్లీ లాగిన్ అయితే కొత్త చిరునామా వచ్చే అవకాశం ఉంది. ఇన్వర్టర్‌కు మోడెమ్ కలపని ఇంట్లో కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే తంతు. వేసవిలో రోజుకు మూడుసార్లు పోయిందనుకుంటే ఒక్క కంప్యూటర్ నెలలో తొంభై దాకా చిరునామాలతో సింక్‌హోల్ ముందు నిలబడవచ్చు. పుష్కరాల్లో ప్రతి ఘాట్ దగ్గరా తలలు లెక్కపెట్టి కూడినట్టు: నాలుగు ఘాట్లలో మునిగినవాడు నలుగురై కనిపిస్తాడు. ఆపరేటర్ దగ్గరున్న చిరునామాల పూల్ చిన్నదైతే దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. పొద్దున పటమటలో ఒక ఇంటికి ఇచ్చిన ఐపీని సాయంత్రం గొల్లపూడిలో మరో ఇంటికి ఇస్తారు. రెండిళ్లలోనూ ఇన్ఫెక్షన్ ఉంటే పట్టీలో ఒక్కటిగానే పడుతుంది.

కరెంటు పోతే ఇంకో చిక్కు కూడా ఉంది. డీవీఆర్‌లను పట్టే మిరాయ్ రకం మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) సాధారణంగా పరికరం మెమరీలోనే ఉంటుంది, ఆపి పెడితే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఆ ప్రాంతం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అలాంటి వారంలో తీసిన లెక్కను అంతకు ముందు వారంతో పోల్చి 'ఇన్ఫెక్షన్లు తగ్గాయి' అనేసే ప్రమాదం ఎంతైనా ఉంది. నీళ్లు తీసి, కరెంటు ఇచ్చి, బతికిన డీవీఆర్‌ను పాత పాస్‌వర్డ్‌తోనే మళ్లీ నెట్‌కు కలిపితే అది త్వరలోనే తిరిగి బాట్ అవుతుంది.

పైన చెప్పినవాటిలో మారే చిరునామాలు ముఖ్యంగా ఎక్కువ చేసి చూపించేవి. సీజీనాట్ అనే పద్ధతి తక్కువ చేసి చూపిస్తుంది. పాత రకం (ఐపీవీ4) చిరునామాలు చాలక ఈ పద్ధతిలో ఆపరేటర్లు ఒక పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతున్నారు. లోపల సాధారణంగా 100.64 నుంచి 100.127 దాకా ఉన్న శ్రేణిలోని చిరునామాలు, బయటికి ఒక్కటే. ఎంతమంది అన్నది లెక్కవేయడం తేలిక. 1024 నుంచి 65,535 దాకా వాడుకోదగ్గ పోర్టులు 64,512. ఒక్కో చందాదారుడికి 512 పోర్టుల చొప్పున ఇస్తే ఒక ఐపీ వెనక 126 ఇళ్లు. 256 చొప్పున ఇస్తే 252. ఆ 126 ఇళ్లలో పది చోట్ల బాట్ ఉన్నా ఐపీ లెక్కలో ఒకటే. మొబైల్ డేటా సంగతి మరీనూ. ఇక కొత్త రకం (ఐపీవీ6) చిరునామాలు వాడే ఫోన్లు, కంప్యూటర్లు గోప్యత కోసం తమ చిరునామా చివరి సగాన్ని తరచూ మార్చేస్తాయి. అక్కడ పూర్తి చిరునామాలు లెక్కపెడితే ఒక్క ఫోనే నెలలో ముప్పై ఫోన్లవుతుంది. మొదటి 64 బిట్లనే లెక్కలోకి తీసుకోవాలి.

ఒకే నగరంలో ఫైబర్ లెక్క ఉబ్బుతూ, మొబైల్ లెక్క కుంచించుకుపోతూ ఉంటే, ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరిపోతుందిలే అనుకోకండి. ఏది ఎంత మేరకో ఆపరేటర్ లాగ్‌లు చూడకుండా ఎవరూ చెప్పలేరు.

అన్నిటికంటే మాకు మింగుడుపడనిది 'విజయవాడలో ఇన్ని, గుంటూరులో ఇన్ని' అని విడదీయడం. సింక్‌హోల్ సర్వర్‌కు ఊరి పేరు తెలియదు. ఐపీని ఊరికి ముడిపెట్టేది జియోలొకేషన్ డేటాబేస్. దేశం వరకు అది చాలావరకు సరిగానే చెబుతుంది. ఊరి దగ్గరికి వచ్చేసరికి చిరునామాల బ్లాకు ఏ ఆఫీసు పేరున రిజిస్టరైంది, గేట్‌వే (ఆపరేటర్ నెట్‌వర్క్ బయటి ఇంటర్నెట్‌కు కలిసే చోటు) ఎక్కడుంది అన్నవే దానికి ఆధారాలు. గుంటూరు బ్రాడీపేటలో వాడే మొబైల్ డేటా హైదరాబాద్ లెక్కలోనో చెన్నై లెక్కలోనో పడుతుంది. విజయవాడలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆపరేటర్‌కు శ్రీకాకుళంలో చందాదారులుంటే వాళ్ల బాట్‌లన్నీ విజయవాడ ఖాతాలో చేరిపోతాయి. జిల్లాల ర్యాంకుల పట్టిక చూడ్డానికి బాగుంటుంది. దాని వల్ల తెలిసేది మాత్రం ఏ ఊళ్లో ఎన్ని గేట్‌వేలు ఉన్నాయన్నదే.

బాట్ గుర్తింపు సంఖ్య ఉంటే ఈ బాధలన్నీ తీరతాయనుకుంటారు. కొన్ని తీరతాయి. కాలేజీ ల్యాబులో ఒకే హార్డ్ డిస్క్ ఇమేజ్‌ను నలభై కంప్యూటర్లకు కాపీ చేశారనుకోండి. బాట్ తన సంఖ్యను విండోస్ డిస్క్‌కు ఇచ్చే వాల్యూమ్ నంబరు నుంచి తయారుచేసుకునే రకమైతే నలభైకీ ఒకే సంఖ్య వస్తుంది. ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా యాదృచ్ఛిక సంఖ్య తీసుకునే రకమైతే కథ అడ్డం తిరుగుతుంది. రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాబులో రోజూ మాల్‌వేర్ పోతుంది, పెన్‌డ్రైవ్ ద్వారా మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా కొత్త సంఖ్య. ఒక్క యంత్రం నెల తిరిగేసరికి పాతిక యంత్రాలు. గుర్తింపు సంఖ్య ఎక్కడి నుంచి పుడుతుందో విప్పి చూడనివాడు ఆ లెక్కను నమ్మకూడదు.

సింక్‌హోల్‌కు వచ్చేవాళ్లందరూ బాట్‌లూ కారు. యాంటీవైరస్ కంపెనీల పరీక్ష యంత్రాలు, ఇతర పరిశోధకులు, సెర్చ్ ఇంజిన్లు, ఉబలాటంతో తొంగిచూసే విద్యార్థులు కూడా వస్తారు. టీసీపీ కనెక్షన్ పూర్తిగా కుదిరి, బాట్ తన సొంత భాషలో పంపే సందేశం సరిగ్గా విప్పుకున్నప్పుడే ఒకటి అని వేసుకోవాలి. కనెక్షన్ కోసం వచ్చిన తొలి ప్యాకెట్ (సమాచార తునక) చూసి లెక్కవేస్తే, అది నకిలీ చిరునామాతో పంపింది అయ్యుండవచ్చు.

ఒక దాని నుంచి ఇంకోటి ఆజ్ఞలు అందుకునే పీర్ టు పీర్ బాట్‌నెట్‌లలో లెక్కించే తీరు వేరు. అక్కడ క్రాలర్ ఒక్కో బాట్‌నూ 'నీకు తెలిసినవాళ్లెవరు' అని అడుగుతూ పోతుంది. నాట్ (ఒక ఐపీని పలు యంత్రాలు పంచుకునే ఏర్పాటు) వెనకున్న యంత్రాలను బయటి నుంచి పలకరించడం కుదరదు కాబట్టి అవి దానికి అందవు. అందుకే ఆ గుంపులోనే తాము ఒక సభ్యుడిలా చేరి, తమ దగ్గరికి వచ్చేవాళ్లను నమోదు చేసుకునే సెన్సర్లు కూడా పెట్టాలి. రెండూ చేయని లెక్క భారత్ లాంటి దేశంలో బాగా తక్కువ చూపిస్తుంది. 2007లో స్టార్మ్ అనే ఈ రకం బాట్‌నెట్ గురించి అయిదు కోట్ల యంత్రాలని ప్రచారం జరిగింది. లోపలికి వెళ్లి కొలిచిన పరిశోధకులు 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉన్నవి 5,000 నుంచి 40,000. అంతకంటే తమాషా, దాన్ని కొలుస్తున్న బృందాలు అప్పటికే ఎన్నో ఉండటంతో ఒకరినొకరు బాట్‌లుగా లెక్కపెట్టుకునే పరిస్థితి వచ్చింది.

డీవీఆర్‌ల బాట్‌నెట్‌లకు ఇంకో దారి ఉంది: ఎవరూ వాడని ఐపీ చిరునామాల బ్లాకును ఖాళీగా ఉంచి అక్కడికి ఏం వస్తుందో చూడటం. దీన్ని నెట్‌వర్క్ టెలిస్కోప్ అంటారు. మిరాయ్ బాట్ కొత్త పరికరాల కోసం చిరునామాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని 23, 2323 పోర్టులను (దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్‌నెట్ దారులు) తడుతుంది. అలా తట్టేటప్పుడు ప్యాకెట్‌లోని టీసీపీ సీక్వెన్స్ నంబరు స్థానంలో తాను వెతుకుతున్న ఐపీ చిరునామానే పెట్టేస్తుంది. మామూలు ప్యాకెట్‌లో ఈ రెండూ కాకతాళీయంగా కలిసే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి కాబట్టి, రెండూ కలిస్తే అది మిరాయ్ కోడ్ నుంచి వచ్చిందే అనుకోవచ్చు. 2016లో దాన్ని కొలిచినవాళ్లకు 47 లక్షల చిరునామాల టెలిస్కోప్ ఉంది. మొదటి 20 గంటల్లోనే దాదాపు 65,000 పరికరాలు, ఉచ్చస్థితిలో సుమారు 6 లక్షలు వాళ్లకు కనిపించాయి.

మన దగ్గర ఒక స్థానిక ఆపరేటర్‌కు 256 చిరునామాల ఖాళీ బ్లాకు ఉందనుకోండి. ఇంటర్నెట్ మొత్తంలో అది కోటీ అరవై ఏడు లక్షల్లో ఒక వంతు. సెకనుకు వంద ప్యాకెట్లు పంపే బాట్ సగటున సుమారు 47 గంటలకొకసారి ఆ బ్లాకును తడుతుంది. ఒక్క రోజు చూస్తే నూటికి నలభై బాట్‌లే కనిపిస్తాయి. మూడు రోజులు చూస్తే ఎనభైకి చేరవచ్చు. ఈలోగా చిరునామాలు మారి లెక్క మళ్లీ ఉబ్బడం మొదలవుతుంది. పరికరం నెమ్మదిదై సెకనుకు పదే పంపితే రోజుకు నూటికి అయిదు. కాబట్టి చిన్న టెలిస్కోప్‌తో మొత్తం ఎన్ని అన్నది తేల్చబోకండి. కొత్త రకం వచ్చిందా లేదా, నిన్నటికంటే ఉధృతి పెరిగిందా అన్నంతవరకు అది చాలు.

రెండు వేర్వేరు చోట్ల నుంచి చూసిన జాబితాలు ఉంటే, చేపల లెక్క కోసం ఎప్పుడో పుట్టిన ఒక సూత్రం పనికొస్తుంది. మొదటి జాబితాలో ఎన్ని, రెండోదాంట్లో ఎన్ని, రెండింటిలోనూ ఉన్నవి ఎన్ని? మొదటి రెండింటినీ హెచ్చవేసి మూడోదానితో భాగించాలి. ఉదాహరణకు 4,000, 3,000, ఉమ్మడిగా 600 అయితే మొత్తం 20,000. ఇక్కడ చెయ్యి జారే చోట్లు చూడండి. రెండు జాబితాలూ ఒకే ఆపరేటర్ల నుంచి వచ్చినవైతే ఉమ్మడి సంఖ్య పెరిగి, అది 1,200 అయిందంటే జవాబు 10,000కు పడిపోతుంది. గుర్తింపు సంఖ్యలకు బదులు ఐపీలు పోల్చి, మధ్యలో చిరునామాలు మారిపోయి ఉమ్మడివి 200 మాత్రమే మిగిలితే 60,000కు ఎగబాకుతుంది. యంత్రాలు అవే, జవాబులు మూడు! జాబితాలు ఒకే రోజువై, గుర్తింపు సంఖ్యలతో ఉంటేనే ఈ సూత్రం జోలికి వెళ్లాలి.

ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. 2016 అక్టోబరు 21న డొమైన్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవ (డీఎన్‌ఎస్) అందించే డిన్ అనే సంస్థపై దాడి జరిగినప్పుడు ఆ సంస్థే మొదట కోట్లలో ఐపీ చిరునామాలని చెప్పింది. కొద్ది రోజులకు సరిచేసుకుని, దాడిలో పాల్గొన్నవి లక్ష వరకు ఉండవచ్చంది. జవాబు రాని మామూలు డీఎన్‌ఎస్ సర్వర్లు మళ్లీ మళ్లీ అడగడం కూడా దాడిలా కనిపించింది మరి. 2009 డిసెంబరులో పట్టుబడిన మారిపోసా అనే బాట్‌నెట్‌కు కోటీ ఇరవై ఏడు లక్షల చిరునామాలు తేలితే, పత్రికలు అవన్నీ కంప్యూటర్లేనని రాసేశాయి. ఆ చిరునామాల్లో అన్ని దేశాల కంటే ఎక్కువ వాటా భారత్‌దే. అందులో ఇన్ఫెక్షన్ ఎంత, మన డైనమిక్ చిరునామాల పుణ్యం ఎంత అన్నది ఆ జాబితా చెప్పదు. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 బాట్‌నెట్‌పై చేసిన ప్రకటనలో 'లక్షలాది కంప్యూటర్లు, వాటికి సంబంధించిన కోటీ తొంభై లక్షలకు పైగా ఐపీ చిరునామాలు' అని విడివిడిగానే రాశారు. అదీ 2014 నుంచి 2022 దాకా పోగైనది. ఆ తేడాను చెరిపేసింది శీర్షికలే.

ఇంకో మాట. సంఖ్య పెద్దదైనంత మాత్రాన దాడి పెద్దదవదు. 2022 జూన్‌లో క్లౌడ్‌ఫ్లేర్ అడ్డుకున్న ఒక దాడిలో సెకనుకు 2.6 కోట్ల రిక్వెస్టులు వచ్చాయి. పంపినవి 5,067 యంత్రాలే, కాకపోతే అవి బలమైన సర్వర్లు. దుకాణంలో మూలనున్న డీవీఆర్ నుంచి రెండు మెగాబిట్లు బయటికి పోతాయనుకుంటే అలాంటివి వెయ్యి కలిసినా రెండు గిగాబిట్లే. పాఠకుడిని భయపెట్టదలిస్తే అంకె కంటే ఏ రకం యంత్రాలో చెప్పండి. లెక్కల్లో ఇంకో రెండు రకాలను కూడా బాట్‌లతో కలిపేస్తుంటారు. ఇంటర్నెట్ మొత్తాన్ని స్కాన్ చేసి 'ఇన్ని డీవీఆర్‌లు తెరిచి ఉన్నాయి' అని చెప్పేది బలహీనమైన పరికరాల సంఖ్య, సోకినవాటిది కాదు. యాంటీవైరస్ సంస్థలు చెప్పే 'డిటెక్షన్లు' సంఘటనల సంఖ్య. అరండల్‌పేటలో ఒక జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌కు రోజంతా వచ్చే పెన్‌డ్రైవ్‌లు నలభై డిటెక్షన్లు తెస్తాయి, ఆ కంప్యూటర్ శుభ్రంగానే ఉన్నా సరే.

ఈ లెక్క నిజంగా తేలగలిగేది ఒక్కచోటే, ఆపరేటర్ దగ్గర. అందుకు పెద్ద ఖర్చేం లేదు. షాడోసర్వర్ అనే లాభాపేక్ష లేని సంస్థ, నెట్‌వర్క్ యజమానిగా నిరూపించుకున్నవాళ్లకు వాళ్ల చిరునామాల్లో కనిపించిన ఇన్ఫెక్షన్ల జాబితాను రోజూ ఉచితంగా పంపుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ అయిన సెర్ట్-ఇన్ కింద 2017లో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఆపరేటర్ల ద్వారా హెచ్చరికలు పంపుతుంది. జాబితాలో ఒక్కో వరుసలో సమయం, ఐపీ, పోర్టు, మాల్‌వేర్ పేరు ఉంటాయి. తప్పు ఎక్కువగా జరిగేది సమయం దగ్గరే. జాబితాలోది యూటీసీ. దానికి అయిదున్నర గంటలు కలిపి మన సమయానికి మార్చాకే సీజీనాట్ లాగ్‌లో వెతకాలి. అది మరిచిపోతే అయిదున్నర గంటల కింద ఆ పోర్టులు వాడిన మరెవరికో ఫోన్ వెళ్తుంది. ఆయన కంప్యూటర్ అంతా వెతికి 'ఏమీ లేదు' అంటాడు, అసలు ఇల్లు అలాగే ఉండిపోతుంది. సర్వర్లన్నీ ఎన్‌టీపీతో సమయం కలుపుకుంటున్నాయో లేదో ముందే చూడాలి. జాబితాలో పోర్టు లేకపోతే 126 ఇళ్లలో ఏదో తేల్చే మార్గం లేదు, ఆ వరుసను లెక్కలోంచి తీసేయడమే.

లాగ్‌లు దాచడం భారమని ఆపరేటర్లు అంటారు. ప్రతి కనెక్షన్‌కూ ఒక వరుస రాస్తే భారమే. ఒక్కో చందాదారుడికి 512 పోర్టుల దిమ్మను ఒకేసారి కేటాయిస్తే, ఆ కేటాయింపుకు ఒక్క వరుస చాలు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఎలాగూ ఉంచాలి. సమయం, పోర్టు కలిపి చూశాక వరుసల్ని కాకుండా చందాదారుల్ని లెక్కపెడితే వచ్చేది ఆ నెట్‌వర్క్‌లో సోకిన ఇళ్ల సంఖ్య. ఇంట్లో మూడు పరికరాలు సోకినా ఒకటే పడుతుంది. అందువల్ల దాన్ని 'ఇళ్లు' అనే రాయాలి, 'యంత్రాలు' అనకూడదు. ఒకసారి కనిపించి మాయమైన ఇంటిని వెంటనే శుభ్రమైనట్టు వేసుకోకూడదు కూడా. ఊరెళ్లి తాళం వేసినా ఇలాగే కనిపిస్తుంది. నెట్ వాడుతూ రెండు వారాలు జాబితాలో లేకపోతేనే తీసేయాలి.

డీవీఆర్ దొరికిందనుకోండి, ఇక్కడ పని వరుస తప్పితే మొదటికొస్తుంది. ముందు నెట్ కేబుల్ పీకాలి. తర్వాత కరెంటు తీసి ఇవ్వాలి. నెట్ లేకుండానే మానిటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ మార్చి, దొరికితే పెన్‌డ్రైవ్‌తో కొత్త ఫర్మ్‌వేర్ వేసి, యూపీఎన్‌పీ (పరికరం తానే రౌటర్‌లో దారి తెరిపించుకునే సదుపాయం) ఆపి, ఆ తర్వాతే కేబుల్ పెట్టాలి. చాలామంది రీస్టార్ట్ మాత్రం చేసి వదిలేస్తారు. కొన్ని చవక డీవీఆర్‌లలో మెనూలో పాస్‌వర్డ్ మార్చినా లోపలి టెల్‌నెట్ పాస్‌వర్డ్ మారదు. వాటిని మార్చేయడమో, బయటి నుంచి ఎవరూ చేరలేకుండా రౌటర్ వెనక ఉంచడమో చేయాలి. ఆపరేటర్ తన వైపు నుంచి చందాదారుల మీదికి వచ్చే 23, 2323 పోర్టుల్ని మూసేస్తే సగం పని తగ్గుతుంది.

మీ వార్త చదివి ఊళ్లోని డీవీఆర్‌లన్నిటినీ తామే పరీక్షించి ప్రాజెక్టు రాద్దామనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులుంటారు. పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని తెలిసినా యజమాని అనుమతి లేకుండా లాగిన్ అవ్వడం ఐటీ చట్టం 43వ సెక్షన్ ఉల్లంఘనే, నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మోసపూరితంగానో దురుద్దేశంతోనో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ కాలేజీ నెట్‌వర్క్‌లో, ప్రిన్సిపల్ రాతపూర్వక అనుమతితో, ఖాళీ చిరునామాలకు వచ్చే ప్యాకెట్లు చూడటంతో మొదలుపెట్టండి. సోకిన యంత్రాన్ని 'బాగుచేద్దామని' దాని లోపలికి వెళ్లడం కూడా అనుమతి లేని ప్రవేశమే.

మీ విలేఖరి దగ్గర ఆ అంకె ఇచ్చిన సంస్థ నివేదిక ఉండే ఉంటుంది. అందులో యూనిట్ ఏమని ఉందో, ఎన్ని రోజుల లెక్కో, సింక్‌హోలా స్కానా యాంటీవైరసా, ఊరిని ఎలా నిర్ణయించారో ఒక్కసారి చూడమనండి. ఆ సంస్థ యాంటీవైరస్ అమ్మేదైతే ఆ మాటా వేయండి. అది ఐపీ చిరునామాల సంఖ్యే అయితే రేపటి సవరణలో 'కంప్యూటర్లు' అన్నచోట 'ఐపీ చిరునామాలు' అని, పక్కన ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో వేసి, జిల్లాల వారీ పట్టికను తీసేయాలని కోరుతున్నాం. సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో బాట్‌లను తొలగించే ఉచిత సాధనాలు ఉన్నాయి. ఆ సంగతి కూడా అదే చోట వేస్తే చదివినవాళ్లకు ఉపయోగం.

ఇట్లు,
నెట్‌వర్క్ నిర్వహణ, సైబర్ భద్రత పనుల్లో ఉన్న కొందరు,
విజయవాడ, గుంటూరు